ఒడిలో పోసిన టికెట్

"ప్రియమైన కుటుంబ సభ్యులారా" అని మొదలుపెట్టి రాశారు ఆ షిప్పు కంపెనీవాళ్లు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఏ కుటుంబం? మా ఇంట్లో పెళ్లికొచ్చారా, చావుకొచ్చారా? మా తమ్ముడి సాంచాలు ఆగిపోయిన రోజున ఎలా ఉన్నారని ఒక్కమాట అడిగారా? డబ్బు తీసుకుని, షిప్పు ఎక్కించకుండా, ఆ డబ్బు వెనక్కివ్వకుండా ఉండటానికి వాళ్లు కనిపెట్టిన తియ్యటి మాట అది. కుటుంబమట!

నేను కోరుట్లలో బట్టలు కుడతాను. బస్టాండు వెనక సందులో నా షాపు. జాకెట్లు, ఫాల్, పికో, అన్నీ నేనే. మా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాన్న చేతిమగ్గం మీద మొదలుపెట్టి, తర్వాత కరెంటు మగ్గాలు కొన్నాడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. నాన్న పోయాక నాలుగు సాంచాలూ తమ్ముడి చేతికొచ్చాయి. సేటు దగ్గర నూలు తెచ్చుకుని, ఇద్దరు పనివాళ్లను పెట్టుకుని, తానూ వాళ్లతో పాటు నిలబడి గుడ్డ నేసేవాడు.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకి మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, వక్కలు, రవికముక్క, ఇవన్నీ కొంగులో పోసి కొత్తచీర పెట్టి పంపిస్తారు. ఆ బియ్యం అత్తగారింటికి తెచ్చుకుని, వండి, నలుగురికీ పెట్టాలి. పుట్టింటి గడప దాటే ముందు మాత్రం ఆ ఒడిలోంచే ఐదు పిడికిళ్లు తీసి దేవుడి దగ్గర పళ్లెంలో పోసి రావాలి. పుట్టిల్లు నిండుగా ఉండాలని అలా చేస్తారు. ఆ తర్వాత ఒడిలోది ఏదీ వెనక్కి పోకూడదు. పోతే ఆ ఇంటికి మంచిది కాదంటుంది మా అమ్మ. మమ్మల్ని ముంచింది ఈ పట్టింపూ ఆ షిప్పు కంపెనీ కలిసి.

కరోనాకి ముందు, మాఘమాసంలో నాకు ఒడిబియ్యం పోయాలనుకున్నారు. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఈపాలి ఏం గావాలె? పట్టుచీర తేవాల్నా, ముక్కుపుల్ల చేయించాల్నా?"

"చీరలకు ఫాల్ కుట్టీ కుట్టీ చీరంటెనే ఇసుగొచ్చింది తమ్మీ. నన్ను షిప్పెక్కియ్యి" అన్నాను.

సగం ఎగతాళికే అన్నాను. జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన ఒకామె ఫోన్‌లో వీడియో చూపించింది. బొంబాయి నుంచి గోవా పోయే పెద్ద షిప్పు. అందులో పైన కుర్చీలు వేసుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. నీళ్లూ, షిప్పూ, పైన లైట్లూ నాకు పట్టలేదు. ఆ ఆడవాళ్ల చేతుల్లో ఏమీ లేదు. సూది లేదు, గరిటె లేదు, చంకలో పిల్ల లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. అట్లా ఒక పూట కూర్చోవాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

తమ్ముడు దాన్ని ఎగతాళి అనుకోలేదు. అప్పుడు పండక్కి సర్కారు పంచే చీరల పని బాగా నడుస్తోంది, చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నాయి. జగిత్యాలలో దుబాయ్ టికెట్లు అమ్మే ఏజెంటు ఒకతను కొత్తగా టూర్లు కూడా మొదలుపెట్టాడని విని, వెళ్లి కార్డు గీకి, నాకూ మా ఆయనకూ వేసవికి టికెట్లు తీసుకొచ్చాడు. ఒడిబియ్యం రోజున రవికముక్క మీద ఆ టికెట్లు పెట్టి నా కొంగులో పోశాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. మా ఆయన ముఖం మాత్రం పాలిపోయింది.

"బాయిల దిగుడంటెనే భయపడ్డోణ్ణి. నన్ను సముద్రంల ముంచుతవా బామ్మర్దీ?" అన్నాడు.

ఐదు పిడికిళ్లు దేవుడి దగ్గర పోసి, మూట కట్టుకుని కోరుట్ల వచ్చేశాను. వేసవికి ఏ చీరలు పట్టుకుపోవాలో కూడా ఎంచి పెట్టుకున్నాను.

అంతలో అన్నీ బంద్. బస్సులు, రైళ్లు, షిప్పులు, పెళ్లిళ్లు, సాంచాలు, నా కుట్టుమిషనూ. షిప్పు పోవట్లేదని మెసేజ్ వచ్చింది. సరే, వాళ్లు మాత్రం ఏం చేస్తారు అనుకున్నాను. డబ్బు వెనక్కిస్తారు, తమ్ముడికి ఇప్పుడు దాని అవసరమే ఎక్కువ అనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానంటే, నేనూ వెనక్కిచ్చాను కాబట్టి. ఆ నెలలో పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి. అడ్వాన్స్ ఇచ్చిన వాళ్లు ముక్కుకి కొంగు కట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. ఒకామెవి పెళ్లి జాకెట్లు అప్పటికే కత్తిరించి పెట్టాను. కత్తెర పడ్డాక అడ్వాన్స్ వెనక్కిచ్చే టైలరు ఎక్కడా ఉండదు. ఆమె ఆ మాట తనే అంది. అయినా అడగక తప్పలేదని తలొంచుకుని నిలబడింది. నేను డబ్బా విప్పి ఇచ్చేశాను. ఒక్క మిషను పెట్టుకుని బతికేదాన్ని నేనే ఇచ్చినప్పుడు, ఊరంత షిప్పు ఉన్నవాడు ఇవ్వడా అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

ఏజెంటుకి ఫోన్ చేస్తే మొదట్లో "వస్తయక్కా, వస్తయి" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. సిరిసిల్ల నుంచి వచ్చే కబుర్లేమో బాగాలేవు. సేటు నూలు ఆపేశాడు. పనివాళ్లు ఊళ్లకు పోయారు. సాంచాలు నడవకపోయినా షెడ్డు కరెంటు బిల్లు వస్తూనే ఉంది. పాత ఇనుము కొనేవాళ్లు గల్లీల్లో తిరుగుతున్నారు, ఆగిపోయిన సాంచాలను కిలోల లెక్కన అడుగుతున్నారు. దసరాకి చీరల పని మళ్లీ వస్తుంది, అప్పటిదాకా సాంచాలు అమ్మకుండా నెట్టుకొస్తే చాలు అని తమ్ముడి పట్టుదల. ఆ షిప్పు డబ్బు చేతికొస్తే బిల్లు కట్టుకుని దసరా దాకా లాగొచ్చు. అదొక్కటే నా తలలో తిరుగుతోంది.

బస్సులు మళ్లీ మొదలైన రోజునే జగిత్యాల పోయాను. ఏజెంటు షటర్ సగం దించుకుని, ముందు కరోనాకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ కవరు వేలాడదీసుకుని కూర్చున్నాడు. దారంతా నోట్లో తయారుచేసుకున్న తిట్లన్నీ ఆ కవరు మీదుగా కుమ్మరించాను. మా తమ్ముడి కష్టం తిని అరిగించుకుంటావా అన్నాను. నీ షాపు ముందే కూర్చుంటాను, వచ్చేపోయేవాళ్లందరికీ చెప్తాను అన్నాను. ఎదురుగా ఉన్న చెప్పుల షాపతను కూడా బయటికొచ్చి చూశాడు.

"అక్కా, జెర ఊకో. నీ పైసలు నేను తినలే" అన్నాడు ఏజెంటు. "కంపెనీ పోయిన నెలనే అడిగింది. పైసలు వాపస్ గావాల్నా, లేకుంటె షిప్పులు మల్ల మొదలైనంక ఎక్కేటట్టు క్రెడిట్ రాసియ్యాల్నా అని. వాపస్ అంటె ఏ కార్డు గీకిండ్రో గా కార్డుకే పోతయి. మీ తమ్మునికి ఫోన్ చేసిన. ఆయననే వద్దన్నడు."

"వద్దన్నడా?"

"'మా అక్క ఒడిల పోసింది మల్ల నా ఖాతాల ఎట్ల పడ్తది? అక్క పేరు మీదనే ఉంచుండ్రి' అన్నడు. రెండుసార్లు సమజ్ చేసిన. ఇనలే. నీ ఫోన్ ఎత్తుడు ఎందుకు బంద్ జేసిననంటె, నీకు జెప్పద్దని ఒట్టు పెట్టిండు."

ఇంతసేపు తిట్టినవాడిని ఇప్పుడేమనాలో తెలియక, ఆ కంపెనీ మీదికి మళ్లాను. అడిగేదేముంది, ఎవరి డబ్బు వాళ్లకి ఇచ్చేయొచ్చు కదా అన్నాను.

అతను నవ్వాడు. "ఏడికెల్లి ఇస్తరక్కా? షిప్పు ఊకె నిలవడ్డా గూడ తింటది. జీతాలు, డీజిలు, రేవు కిరాయి. ముంగట బుక్ చేసినోళ్ల పైసలతోటి గిప్పటి షిప్పు తిప్పుతరు. అందరూ ఒక్కపారి వాపస్ అడిగితె మునుగుతరు. అందుకే, క్రెడిట్ తీస్కుంటె ఇంకింత కలిపి ఇస్తమని ఆశ వెడ్తున్నరు. పైసలే గావాలన్నోళ్లకు ఇస్తున్నరు గని. గీ ఊళ్లె ఒక సారుకు పడ్డయి."

నిలబడితే తినేది షిప్పొక్కటేనా? సాంచా నిలబడితే ఇల్లు తినదా? మా పైసలు ఎప్పుడో డీజిలై కాలిపోయాయన్నమాట. కాలిపోయిన డబ్బుకి ఒక రంగుల కాయితం ఇచ్చి, పైన "ఇంకింత" కలుపుతారట. లేనిదానికి ఎంత కలిపితే వాళ్లకేం పోయింది? చదువుకున్నవాళ్లు, టై కట్టుకున్నవాళ్లు, కూర్చుని ఆలోచించి మరీ చేసిన పని ఇది. ఊరికే ఇవ్వం అంటే జనం తిరగబడతారని, వద్దు అనే మాట మా నోటితోనే అనిపించారు.

మార్చుకోవడానికి దారి లేదా అని అడిగాను. కార్డు ఎవరిదో వాళ్లు సంతకం పెట్టి అడిగితే నెలాఖరు దాకా చూడొచ్చన్నాడు. నేను కోరుట్ల బస్సు ఎక్కలేదు. నేరుగా సిరిసిల్ల పోయాను.

మా గల్లీలో అడుగుపెడితే సాంచాల చప్పుడుకి పక్కమనిషి మాట వినపడేది కాదు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులో అరిచి మాట్లాడి మాట్లాడి, మా వాళ్లందరి గొంతులూ పెద్దవే. ఆ రోజు గల్లీలో నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది. భయమేసింది. షెడ్డులో నాలుగు సాంచాలూ దుమ్ముపట్టి ఉన్నాయి. తమ్ముడు ఒకదానికి నూనె పోస్తున్నాడు. నడవని దానికి నూనె ఎందుకని అడిగితే, తుప్పు పడ్తదక్కా అన్నాడు.

ఇంట్లోకి పోయి చూస్తే దేవుడి గూట్లో, పటాల మధ్య, కంపెనీ పంపిన కాయితం ఉంది. క్రెడిట్ అన్న మాట పైన, నా పేరు కింద, మధ్యలో షిప్పు బొమ్మ. తమ్ముడు దాన్ని ప్రింటు తీయించి ప్లాస్టిక్ వేయించాడు. అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టింది. ఎదురుగా దీపం వెలుగుతోంది. మమ్మల్ని మోసం చేసినవాడికి మా ఇంట్లో పూజ జరుగుతోంది. నాకు కోపం నషాళానికంటింది.

"ఎవలనడిగి వద్దన్నవ్‌రా?" అని అరిచాను. "షెడ్డు బిల్లు కట్ట చాతకాదు గని పైసలు వద్దంటవా? దానమిచ్చినవా షిప్పోనికి?"

"షిప్పోనికి ఎందుకిత్త? నీకిచ్చిన" అన్నాడు తమ్ముడు. "నీ ఒడిల పోసింది వాపస్ తీస్కొని సాంచ నడుపుకోవాల్నా?"

"నీ ఖాతాల పడ్డంక నాకు పంపకపోయినవా మరి?"

తమ్ముడు మెల్లగా అన్నాడు. "పడ్డంక నా చెయ్యి ఊకోదక్కా. కరెంటోనికి కడ్త, పనోళ్లకిత్త. నీకు మిగుల్తదా? నాకు తెల్వదా నా సంగతి?"

కట్టుకోమనే కదరా నేను చెప్పేది అన్నాను. అమ్మ అడ్డమొచ్చింది. ఒడిబియ్యం పుట్టింటికి మళ్లడం తను ఎక్కడా వినలేదంది. ఊరంతా రోగాలతో చచ్చిపోతుంటే కోరి కీడు తెచ్చుకుంటామా అంది. ఆ భయం నిజం. కానీ నాకు అప్పుడు జాలి కలగలేదు.

"మరి ఐదు పిడికిల్లు ఎందుకు వోయిస్తరమ్మా వాపస్? గది పుట్టింటికి మళ్లుడు గాదా? నేనిచ్చేది గదే అనుకోండ్రి."

"గవి ఐదే బిడ్డా. ఆరోది లేదు" అంది అమ్మ.

తమ్ముడు చివరికి అన్న మాట, "గా పైసలు ముట్టుకునేకన్న సాంచలు ఇనుపోనికి అమ్ముకుంట." అమ్ముకో, అమ్ముకుని చావు అని నేను బయటికొచ్చేశాను. మరదలు అన్నం పెడతానంటే తినలేదు. మంచినీళ్లు కూడా తాగలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరి మీద ఎక్కువ కోపం ఉందో తేల్చుకోలేక ఏడ్చాను. నన్ను ఇంతగా ప్రేమించే మూర్ఖుణ్ణి తిట్టి వచ్చాను. నన్ను ఎరగనివాడు, బొంబాయిలో కూర్చున్నవాడు, మాత్రం హాయిగా ఉన్నాడు. వాణ్ణి ఎక్కడికి పోయి తిట్టాలి?

నెలాఖరు దాటిపోయింది. ఆ తర్వాత కరెంటువాళ్లు వచ్చి షెడ్డు లైను పీకేశారు. అప్పుడు దిగొచ్చాడు తమ్ముడు. జగిత్యాల పోయి ఏజెంటు దగ్గర సంతకం పెట్టి, డబ్బే కావాలని రాయించాడు. కంపెనీ జవాబు వెంటనే వచ్చింది. డబ్బు ఇవ్వకుండా ఉండటానికి ఇన్ని దొంగదారులు వెతికినవాళ్లకి, లేదని చెప్పడానికి ఎంత తొందర! "ప్రియమైన కుటుంబ సభ్యులారా, ఒకసారి ఎంచుకున్నది మార్చడం కుదరదు, మీ క్రెడిట్ మా దగ్గర భద్రంగా ఉంది."

దసరాకి నెల ముందు సాంచాలు పోయాయి. అమ్మకానికి నేను పోలేదు, మరదలు చెప్పింది. పోత ఇనుము కదా, సుత్తులతో పగలగొట్టి ముక్కలు చేసి ట్రాలీలో వేశారట. నాన్న కొన్న మొదటి సాంచాని పగలగొడుతుంటే తమ్ముడు లోపలికొచ్చి టీవీ సౌండు పెంచుకుని కూర్చున్నాడట.

షిప్పులు మళ్లీ మొదలైనప్పుడు నేను ఎక్కుతానని ఎవరన్నా అనుకుంటున్నారేమో. మొదలుకాకముందే ఆ కంపెనీ దివాలా తీసింది. ఏజెంటే ఫోన్ చేసి చెప్పాడు. ఉన్నది పంచేటప్పుడు ముందు బ్యాంకులు, తర్వాత రేవులవాళ్లు, జీతాలవాళ్లు, అందరికన్నా వెనక క్రెడిట్ కాయితాలవాళ్లట. మా దాకా ఏమీ రాదని అతనే చెప్పాడు. కుటుంబ సభ్యులం కదా, మమ్మల్ని చివరి బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి గిన్నెలు ఖాళీ.

తర్వాత ఒకరోజు నా షాపులోనే ఇంకొకామె వీడియో చూపించింది. కొత్త కంపెనీ, కొత్త పేరు, కొత్త రంగు. షిప్పు మాత్రం అదే. ఏజెంటుని అడిగితే అవునన్నాడు, ఎవరో కొనుక్కున్నారట, పాత బాకీలతో వాళ్లకి సంబంధం లేదట. పైన అవే కుర్చీలు, వాటిలో ఖాళీ చేతులతో ఆడవాళ్లు. పేరు మార్చుకుంటే బాకీ పోతుందట! మా తమ్ముడు పేరు మార్చుకుంటే కరెంటు బాకీ పోయేదా? పనివాళ్లకు ఇవ్వాల్సింది పోయేదా? అన్నీ కట్టాడు వాడు, చివరి రూపాయి దాకా, సాంచాలమ్మిన ఇనుము డబ్బులోంచి. ఆమె ఫోన్ ఆమె చేతిలో పెట్టి, జాకెట్ ఎప్పటికి కావాలని అడిగాను.

మొన్న మాఘంలో మళ్లీ ఒడిబియ్యం వంతు వచ్చింది. ఐదో ఏడు. వద్దన్నాను. తమ్ముడు వాళ్ల షెడ్డులో సెలవు పెట్టి మరీ కోరుట్ల వచ్చి పిలిచాడు. వాళ్ల షెడ్డు అంటే అతనిది కాదు. ఇప్పుడు వేరే ఆసామి దగ్గర కూలికి నేస్తున్నాడు.

"ఈపాలి షిప్పు గిట్ల అడగకక్కా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బియ్యం పోశారు. కుడుకలు, ఖర్జూరాలు, ఒక మామూలు చీర. కొంగు బరువుగానే ఉంది. ఈ బియ్యం కొనడానికి వాడు ఎన్ని పూటలు పరాయి సాంచా ముందు నిలబడ్డాడో అని మనసులో లెక్కేసుకున్నాను. ఐదు పిడికిళ్లు పోయడానికి దేవుడి గూటి ముందుకు పోయాను. ఆ ప్లాస్టిక్ కాయితం ఇంకా అక్కడే ఉంది. షిప్పు బొమ్మ వెలిసిపోయింది. పసుపు మాత్రం కొత్తది.

"ఇంకా పారెయ్యలేదా అమ్మా దీన్ని?" అన్నాను. గొంతు లేచింది.

"ఎట్ల పారేత్త బిడ్డా? దాంట్ల నీ పేరుంది" అంది అమ్మ.

కూర్చుని పళ్లెంలో బియ్యం పోయడం మొదలుపెట్టాను. అమ్మ పక్కన నిలబడి ఎప్పటిలాగే పైకి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

"ఐదైనయి బిడ్డా. ఇగ లే."

ఇంకో పిడికిలి పోశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకుని ఇంకోటి పోశాను. తమ్ముడు గుమ్మంలోంచి "అక్కా, సాలు" అన్నాడు. నేను తలెత్తలేదు. రెండు చేతులతో కొంగులోంచి తోడి పోస్తున్నాను. బియ్యం పళ్లెం నిండి కింద పడుతోంది. అమ్మ మళ్లీ ఐదు అంటుందని, ఆరోది లేదంటుందని, ఈసారి అంటే గట్టిగా అరవాలని కాచుకుని ఉన్నాను.

అమ్మ వంటింట్లోకి పోయి ఇంకో పళ్లెం తెచ్చి ముందు పెట్టింది.